‘సిక్స్త్’ చివర దాగిన ఉకారం

పిల్లలూ, మీ చేతివేళ్లు రెండు గొంతు ముందు భాగాన, గట్టిగా తగిలేచోట, మెత్తగా ఆనించండి. ‘ఆ...’ అని సాగదీయండి. వేళ్లకింద ఏదో జుమ్మని అదురుతుంది. ఇప్పుడు పాము బుసకొట్టినట్టు ‘స్...’ అనండి. గాలి వస్తూనే ఉంది గాని అదురు ఆగిపోయింది. వేళ్లు తియ్యకుండానే, ఇంగ్లీషులో ‘ఆరవ’ అనే మాటను, అంటే ‘సిక్స్త్’ను, మీరు రోజూ ఎలా అంటారో అలాగే అనండి. దొంగతనం వద్దు, రోజూ అనేట్టే అనాలి. అదురు ఎన్నిసార్లు వచ్చింది?

ఒక్కసారే రావాలి. మనలో చాలామందికి రెండుసార్లు వస్తుంది, కొందరికి మూడుసార్లు వస్తుంది. ఆ ఎక్కువ వచ్చినది ఏమిటో, ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకుంటే, ఆ మాట పలకడం మీకు ఒక వారంలో పట్టుబడుతుంది. అంతకన్న ముఖ్యం, ఆ మాట పలకలేనివాణ్ణి చూసి నవ్వడం మానేస్తారు.

మన గొంతులో స్వరపేటిక ఉంది. అందులో రెండు స్వరతంత్రులు ఉన్నాయి. అవి దగ్గరగా చేరినప్పుడు ఊపిరితిత్తులనుంచి వచ్చే గాలి వాటిని కంపింపచేస్తుంది. పెద్దవాళ్లలో, మగవారికి సెకనుకు సుమారు 120 సార్లు, ఆడవారికి సుమారు 200 సార్లు, చిన్నపిల్లలకు ఇంకా ఎక్కువ. మీ వేళ్లకు తెలిసినది ఆ కంపనమే. దానికి నాదమని పేరు. అచ్చులన్నీ నాదంతో పుట్టేవే. హల్లుల్లో గ, డ, ద, బ, న, మ, ర, ల వంటివి కూడా అంతే. కాని క, ట, త, ప అనే పరుషాలకూ, సకారానికీ నాదం లేదు. వాటికి స్వరతంత్రులు విడిపోయి ఊరుకుంటాయి, పనంతా నాలుకా పెదవులూ చేస్తాయి. ఇది పడమటి దేశాలవాళ్లు వచ్చి చెప్పిన సంగతి కాదు. వేదం సరిగా పలకడంకోసం మన ప్రాచీనులు రాసిన ప్రాతిశాఖ్యలలో శ్వాసమనీ నాదమనీ ఈ విభజన ఉంది. (‘క’ అని చూస్తే అదిరిందే అంటారేమో. అదిరినది కకారం కాదు, దాని వెనక ఉన్న అకారం. మన అక్షరమాల పక్కన అచ్చు లేకుండా హల్లును పలకనివ్వదు. కథంతా ఇక్కడే ఉంది.)

‘సిక్స్త్’లో ఎన్ని ధ్వనులున్నాయో చూడండి. స్, ఇ, క్, స్, త్. అయిదు. వాటిలో నాదం ఉన్నది ఒక్క ఇకారానికే. అంచేత అదురు ఒక్కసారి వచ్చి, ఆగి, మళ్లీ రాకూడదు. మళ్లీ వచ్చిందంటే ఎక్కడో ఒక అచ్చు దూరిందన్నమాట. సాధారణంగా దూరేది ఉకారం. ‘సిక్స్తు’ అంటే రెండు, ‘సిక్సుతు’ అంటే మూడు.

ఇంగ్లీషు లిపి ఈ లెక్కను తెలియనివ్వదు. ఎక్స్ అనే ఒక్క అక్షరంలో క్, స్ రెండూ దాగి ఉంటాయి. టీ, హెచ్ అని రెండక్షరాలు రాసి ఒక్క ధ్వని పలుకుతారు. తెలుగులో ‘సిక్స్త్’ అని రాస్తే ప్రతి హల్లూ కంటికి కనిపిస్తుంది. ఇంగ్లీషు పుస్తకంలో మాటపైన పెన్సిలుతో తెలుగు అక్షరాలు రాసుకుంటే కొందరు ఉపాధ్యాయులు కోప్పడతారు. నాకు అందులో తప్పేమీ కనపడలేదు. ధ్వనిని పట్టి చూపడానికి మన లిపి చాలా మంచి పనిముట్టు. రాసుకోండి.

ఇక ఆ ఉకారం ఎక్కడిదంటారా? అది మన భాషదే. తెలుగు అజంత భాష. అంటే మన మాటలు అచ్చుతో ముగుస్తాయి. బయటినుంచి వచ్చిన మాటకు చివర హల్లు ఉంటే, దానికో అచ్చు తగిలించి లోపలికి రానిస్తాం. బస్ బస్సయింది, బుక్ బుక్కయింది, పెన్ పెన్నయింది, డెస్క్ డెస్కయింది. చదువు రానివాళ్లు చేసిన మార్పులు కావివి. వ్యాకరణం చేసిన మార్పులు. సంయుక్తాక్షరం బరువనిపించినప్పుడు తెలుగు ఏం చేస్తుందో మీ తెలుగు మాస్టారు ప్రకృతి వికృతుల పాఠంలో చెప్పే ఉంటారు. శ్రీ సిరి అయింది, రత్నం రతనమయింది: రెండు హల్లుల మధ్య అచ్చు దూర్చాం. స్థానం తానమయింది: ముందున్న హల్లును వదిలేశాం. అగ్ని అగ్గి అయింది, భక్తి బత్తి అయింది: రెండు వేరు హల్లుల్ని ఒకే హల్లు చేశాం. ఇప్పుడు చెప్పండి, ‘ఫిల్మ్’ను ‘ఫిలిం’ అన్నవాడు చేసినదేమిటి? శ్రీని సిరి చేసిన పనే. ‘స్టేషన్’ను ‘టేషను’ అన్న ముసలమ్మ చేసినదేమిటి? స్థానాన్ని తానం చేసిన పనే. మొదటివాటిని పరీక్షలో రాస్తే మార్కులిస్తాం, రెండోవాటిని నోటితో అంటే నవ్వుతాం.

మనమొక్కరమే కాదు. జపాను భాషలో కూడా హల్లుల వెనక అచ్చులు వచ్చి కూర్చుంటాయి. బేస్‌బాల్ ఆటలో ‘స్ట్రైక్’ అనే ఒక్క అక్షరపు మాట వాళ్లనోట ‘సుటొరైకు’ అయి, అయిదు మాత్రలు తీసుకుంటుంది. ‘ఇస్కూలు’ అనేవాణ్ణి మనం వెక్కిరిస్తాం. లాటిన్‌లో ‘స్కోలా’ అని ఉన్న మాటకు స్పెయిన్ దేశస్థులు ముందు ఎకారం చేర్చి ‘ఎస్క్వేలా’ అన్నారు. వాళ్ల నిఘంటువుల్లో బడికి అదే మాట. ఎవరూ నవ్వరు.

మీకు ఛందస్సు వచ్చా? వస్తే ఇంకో తమాషా ఉంది. పొల్లు హల్లు విడిగా లెక్కకు రాదు, ముందున్న అక్షరంలో కలిసిపోయి దాన్ని గురువు చేస్తుందని చదువుకున్నారు గదా. ఆ లెక్కన ‘సిక్స్త్’ మొత్తం ఒక్క గురువు. దాన్నే ‘సిక్సుతు’ అంటే ఒక గురువు, రెండు లఘువులు, అంటే భగణం! ఒక్క అక్షరాన్ని గణంగా పెంచామన్నమాట. ఇంగ్లీషు వినేవాడి చెవికి తట్టుకొనేది ఈ లెక్కే. మన తకారం ఎలా ఉన్నా అతను సర్దుకుంటాడు. ఒక్క దెబ్బలో రావలసిన మాట మూడు దెబ్బల్లో వస్తే, అది వేరే మాటేమో అనుకుంటాడు.

ఇక నా అభిప్రాయం చెబుతాను. తరగతిలో ఒక పిల్లవాడు లేచి ‘సిక్సుతు’ అంటాడు. పిల్లలు గొల్లుమంటారు. ఒక్కొక్కచోట కుర్చీలో ఉన్న పెద్దమనిషీ వాళ్లతో కలిసి నవ్వుతాడు. మర్నాటినుంచి ఆ పిల్లవాడి చెయ్యి పైకి లేవదు. ఓడ నీటిమీద ఎందుకు తేలుతుందో వాడికి తెలుసు. గ్రహణం ప్రతి అమావాస్యకూ ఎందుకు రాదో తెలుసు. కాని జవాబులో ఒక ‘స్ట్రెంగ్త్’ వస్తుందేమో, ఒక ‘డెప్త్’ వస్తుందేమో అని నోరు మూసుకుంటాడు. సైన్సు తరగతికి ఇంతకంటె పెద్ద నష్టం నాకు తెలియదు. పగిలిన బీకరుకు బదులు ఇంకో బీకరు కొనవచ్చు. అడగడం మానేసిన పిల్లవాడిచేత మళ్లీ అడిగించడానికి ఏళ్లు పడుతుంది.

ఐతే దీనికి ఎదురుగా ఇంకో వాదం వినపడుతుంది. మనం తెలుగువాళ్లం, మన యాస మనది, ఎలా పలికితే ఏం, సాధన ఎందుకు అని. సగం ఒప్పుకుంటాను. తెలుగులో మాట్లాడేటప్పుడు ‘బస్సు దిగి స్కూలుకు వెళ్లాను’ అనడమే సరి. అవి ఇప్పుడు తెలుగు మాటలు. వాటి చివర ఉకారం పీకి ‘బస్ దిగి’ అనడం గొప్ప అనుకునేవాళ్లమీద నాకు గౌరవం లేదు. కాని ఇంగ్లీషులో లెక్క చెప్పవలసి వచ్చినప్పుడు సంగతి వేరు. నూరింట అయిదు వంతులను ఇంగ్లీషులో ‘ఫైవ్ హండ్రెడ్త్స్’ అంటారు. చివరి హల్లులు పలకలేక మింగేస్తే వినేవాడికి ‘ఫైవ్ హండ్రెడ్’ అని వినపడుతుంది. చెప్పదలచినది 0.05. విన్నది 500. రెంటికీ తేడా పదివేల రెట్లు. ‘త్రీ థౌజండ్త్స్’ సంగతి ఇంకా ఘోరం. చెప్పదలచినది 0.003, విన్నది 3,000 అయితే తేడా పదిలక్షల రెట్లు. కొలిచేది మందు కావచ్చు, ఆమ్లం కావచ్చు. ఒక్క నాలుకకొన చేసే పనిమీద ఇంత ఆధారపడి ఉన్నప్పుడు, ఆ నాలుకకు పని నేర్పడం యాసకు ద్రోహం చెయ్యడం కాదు.

నేర్పడం ఎలా? ముందు ఒక భయం పోవాలి. ఈ ధ్వనులేవీ మనకు కొత్తవి కావు. ‘స్త’ మీకు పుస్తకంలో ఉంది, హస్తంలో ఉంది. ‘క్స్’ కావాలంటే ‘ఎక్స్‌రే’ అని తడబడకుండా అంటారు. రాష్ట్రం, వస్త్రం అని మూడేసి హల్లులు కలిపి పలుకుతారు. సంస్కృతంనుంచి వచ్చిన ‘కార్త్స్న్యం’లో అయిదు హల్లులు వరసగా ఉన్నాయి. (సమగ్రత అని దాని అర్థం. పరీక్షలో అడగరులెండి.) అయినా తెలుగు పండితులు దాన్ని పలికి బతికే ఉన్నారు. ఇంగ్లీషులో మాట మొదట మూడు హల్లులకు మించి రావు, మాట చివర నాలుగుకు మించి రావు. ఆ నాలుగు వచ్చే కొద్ది మాటల్లో మన ‘సిక్స్త్’కు బహువచనమైన ‘సిక్స్త్స్’ ఒకటి.

కాబట్టి హల్లుల గుంపు మనకు కష్టం కాదు. గుంపు వెనక అచ్చు లేకపోవడమే కష్టం. అదికూడా నిజానికి అంత కష్టం కాదు. ‘రాసుకో’ అనవలసినచోట ఇంట్లో ఏమంటారు? ‘రాస్కో’ అంటారు. తీసుకురాను ‘తీస్కురా’ అంటారు. రోజుకు ఎన్నోసార్లు సకారంమీది ఉకారాన్ని మీ నాలుకే ఊడదీస్తూ ఉంది. ఆ పనే మాట చివర కూడా చెయ్యమంటున్నాను.

మొదట ఆ తకారాన్ని దిగవిడవడానికి ఒక అచ్చు అప్పుగా ఇవ్వండి. ఆరో తరగతి ‘ఏ’ సెక్షనును ఇంగ్లీషులో ‘సిక్స్త్ ఏ’ అంటారు గదా. కలిపి అనండి: సిక్స్‌తే. ఎంత సుళువుగా వచ్చిందో చూశారా? తకారం వెళ్లి ఏకారంమీద కూర్చుంది. ఒక పదిసార్లు అన్నాక, ఆ ‘ఏ’ను గుసగుసగా అనండి. గుసగుసలో నాదం ఉండదు, వేళ్లతో చూసుకోండి. మరి కాసేపటికి ఆ గుసగుసను కూడా అనకుండా, అనబోయి ఆపెయ్యండి. మిగిలినదే ‘సిక్స్త్’. గొంతుమీద వేళ్లు మాత్రం తియ్యవద్దు, అవే మీ పరీక్షాధికారి. ఇకారం దగ్గర ఒక్క అదురు, ఆపైన అంతా నిశ్శబ్దం.

తకారం తరవాత అచ్చు ఎందుకు పుట్టుకొస్తుందో కూడా చెప్పాలి. త అనేటప్పుడు నాలుకకొన పై పళ్లకు ఆని గాలిని పూర్తిగా ఆపుతుంది. ఆ ఆనకట్ట తెరవగానే వెనక నిలిచిన గాలి బయటికి దూకుతుంది. సరిగ్గా ఆ క్షణానికి స్వరతంత్రులు దగ్గరపడితే అచ్చు పుడుతుంది. పుట్టుకనుంచీ అలవాటు కాబట్టి మనకు దగ్గరపడతాయి. ఇంగ్లీషువాళ్ల ధ్వనిలో ఈ ఆనకట్టే లేదు. నాలుకకొన పళ్లకు తగిలీ తగలకుండా ఉంటుంది, సందులోంచి గాలి జారుతూనే ఉంటుంది. అరచెయ్యి నోటిముందు పెట్టుకొని ‘స్...’ అంటూ, గాలి ఆపకుండా నాలుకకొనను మెల్లగా ముందుకు, పళ్ల అంచుకు, జరపండి. బుస పలచబడి మెత్తనవుతుంది. ఆ మెత్తని ధ్వనే అది. అది వస్తే మంచిదే. రాకపోతే మన తకారంతోనే కానివ్వండి, అర్థానికి లోటు రాదు. దానికోసం పిల్లల్ని నాలుక బయటపెట్టించి గంటలకొద్దీ నిలబెట్టడం నాకు నచ్చదు.

అసలు ఆ మెత్తని ధ్వని చాలా బలహీనమైనది. రేడియోలో చప్పుడు ఉంటే ముందుగా మాయమయేవాటిలో అదొకటి. విమానాలు నడిపేవాళ్ల సంగతి చూడండి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ రేడియోలో అంకెలు ఎలా పలకాలో నియమం పెట్టింది. ఆ నియమంలో ‘త్రీ’ని ‘ట్రీ’ అనీ, ‘థౌజండ్’ను ‘టౌజండ్’ అనీ పలకమని ఉంది. ‘టౌజండ్’ అన్నందుకు మీ తరగతిలో నవ్వులపాలయిన కుర్రవాడు ప్రపంచంలోని విమానచోదకులందరూ పాటించవలసిన ఉచ్చారణ పలికాడు! అక్కడ కావలసినది లండను యాస కాదు, తప్పు వినపడకుండా ఉండడం.

ఇంగ్లీషు తల్లిభాషగా ఉన్నవాళ్లయినా ఈ గుంపులను మోయలేక దింపేసినవి చాలా ఉన్నాయి. మోకాలికి ‘నీ’ అంటారు, రాసేటప్పుడు మాత్రం ముందు కే అనే అక్షరం ఉంటుంది. పూర్వం ఆ కకారాన్ని పలికేవారు, తరవాత వదిలేశారు. ‘లిసన్’లో, ‘క్రిస్మస్’లో టీ ఉంది, నోట లేదు. పక్షిని మొదట ‘బ్రిడ్’ వంటి మాటతో పిలిచేవారు, నాలుక తిరగబడి ‘బర్డ్’ అయింది. ఐర్లండులో చాలామంది ఇప్పటికీ ‘ఫిల్మ్’ను మనలాగే రెండక్షరాలుగా పలుకుతారు. మన ‘సిక్స్త్స్’ను కూడా వాళ్లు తొందరలో ఉంటే మధ్య ధ్వని మింగి ‘సిక్స్’ అన్నట్టే అనేస్తారు. ఈ ‘సిక్స్త్’మీదే వాళ్ల పిల్లలకు నాలుక తిప్పించే వాక్యం ఒకటుంది. ఇంగ్లీషులో అన్నిటికన్నా కష్టమైనది అదేనని గిన్నిస్ పుస్తకం ఒకప్పుడు పేర్కొంది. ఆటకు అది బాగుంటుంది గాని సాధనకు పనికిరాదని నా ఉద్దేశం. వేగంగా అంటే పాత అలవాటే గట్టిపడుతుంది. నిదానంగా, తక్కువసార్లు, చెవిపెట్టి అనాలి. ఇంట్లో ఫోను ఉంటే మీ మాట దానిలో రికార్డు చేసి విని, చప్పట్లు కొట్టి లెక్కపెట్టండి. ‘సిక్స్త్’కు ఒక్క చప్పట్టు. తొమ్మిది అక్షరాలున్న ‘స్ట్రెంగ్త్స్’కూ ఒక్కటే.

‘ఫిల్మ్’కూ, ‘బల్బ్’కూ వేళ్ల పరీక్ష పనికిరాదు. వాటి చివరి హల్లులకు నాదం ఉంది. వాటికి అద్దం పట్టుకోండి. మాట ముగిసేటప్పటికి పెదవులు మూసుకుని, శబ్దం ఆగేదాకా అలాగే ఉంటే సరి. ముందే తెరుచుకుని గుండ్రంగా ముందుకు వస్తే ఉకారం వచ్చిందన్నమాట.

ఉపాధ్యాయులకు ఒక మాట. ఉచ్చారణకు మార్కులు వెయ్యదలిస్తే ఇలా వెయ్యండి. ఒక పిల్లవాడికి 5/6, 0.05, 1/12, 0.003 వంటి సంఖ్యలున్న చీటీ ఇచ్చి గదిలో ఒక చివర నిలబెట్టండి. ఇంకొకణ్ణి పలక ఇచ్చి రెండో చివర, గోడవైపు తిప్పి కూర్చోబెట్టండి. మొదటివాడు సంఖ్యల్ని ఇంగ్లీషు మాటల్లో చదువుతాడు, రెండోవాడు విన్నదాన్ని అంకెల్లో రాస్తాడు. పలకమీద సంఖ్య సరిగా పడితే పూర్తి మార్కులు, ఉకారం ఉన్నా సరే. తప్పుగా పడితే ఇద్దరినీ పిలిచి, మాటలో ఏ హల్లు పోయిందో వాళ్లనే వెతకమనండి. తరవాత చీటీ వాడికి, పలక వీడికి.